రచయిత 1863లో పుట్టారు

ఒళ్లు మండుతోంది, చల్లారకముందే రాసేస్తున్నా.

నా ప్రమోషన్ ఫైల్లో ఒక రీసెర్చ్ పేపర్ తక్కువైంది. శ్రీకాకుళంలో ఉన్నోడికి టాపిక్ కోసం వెతుక్కోవాల్సిన ఖర్మేంటి, గిడుగు రామమూర్తి గారు మా జిల్లా ఆయనే. పైగా తెలుగు, హిందీ, ఒడియా, ఇంగ్లీషు నాలుగు భాషల్లో వేసే జర్నల్ ఒకటి దొరికింది, సవర గిరిజనుల భాష మీద జీవితం ధారపోసినాయన గురించి ఒడియా వాళ్లు కూడా చూసే జర్నల్లో పడితే అంతకంటే ఏం కావాలి అనుకుని కూర్చుని రాశాను. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర డీటీపీ కుర్రాడు అను ఫాంట్‌లో కొట్టిచ్చాడు, జర్నల్ వాళ్లేమో యూనికోడే కావాలన్నారు, కన్వర్టర్‌లో వేస్తే ఒత్తులన్నీ పక్క అక్షరాల కిందకి పోయాయి, అదో పెద్ద కథ, వదిలేయండి. ఇంగ్లీషులో అబ్‌స్ట్రాక్టు, కీవర్డ్స్, పరిశోధకులకిచ్చే పదహారంకెల ఆర్కిడ్ నంబరు, ప్లేజియరిజం రిపోర్టు, ఇది నేనే రాశానని నేనే ఇచ్చుకున్న డిక్లరేషను, అన్నీ ఎక్కించేశాను.

వాళ్లది డబుల్ బ్లైండ్ రివ్యూ. అంటే రాసింది ఎవరో చదివేవాళ్లకి తెలీకూడదు, చదివింది ఎవరో రాసినోళ్లకి తెలీకూడదు. అందుకని పేరు, కాలేజీ, ఫోన్ నంబరు టైటిల్ పేజీ అని వేరే ఫైల్లో పెట్టి, అసలు వ్యాసంలో మన ఆనవాలు లేకుండా పంపాలి. అలాగే పంపాను. ఫైల్ ప్రాపర్టీస్‌లో దాక్కున్న పేరు కూడా వెతికి తీసేశాను, అంత నిష్ఠ.

ఒకటే చిక్కు. నా పేరు కూడా రామమూర్తే. మా తాత పేరు పెట్టారు, నన్నేం చెయ్యమంటారు? మా వైపు క్లాసులో అటెండెన్స్ పిలిస్తే సగం మంది అప్పలనాయుళ్లు, అప్పలరాజులు, ఆదిత్యుడి దయవల్ల పుట్టిన సూర్యనారాయణలు, మిగిలినోళ్లలో నాలాంటోళ్లు. ఇంటిపేరు వేరు, ఊరు వేరు, ఆయనతో చుట్టరికం కూడా లేదు. ఉంటే ఈపాటికి చెప్పుకోకుండా ఉండేవాణ్నా?

జర్నల్ ఆఫీసులో ఎవరో మహానుభావుడు నా టైటిల్ పేజీలో పేరు చూసి, వ్యాసం తెరిచి, వెతికి మార్చే బటన్ నొక్కి, రామమూర్తి అన్న ప్రతిచోటా ‘రచయిత’ అని పెట్టి రివ్యూకి పంపేశాడు. నాకు చెప్పలేదు. రివ్యూలతోపాటు ఆ ఫైలు తిరిగొచ్చినప్పుడు చూశాను.

మొదటి వాక్యం: ‘గిడుగు వెంకట రచయిత 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో జన్మించారు.’ సరే, పుట్టాను. తర్వాత పేజీ: ‘1880లో పర్లాకిమిడిలో రచయిత ఉపాధ్యాయుడిగా చేరారు.’ చేరాను. సవర కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగి మింగి రచయితకి వినికిడి పోయిందట. 1913లో ప్రభుత్వం రచయితకి బిరుదు ఇచ్చిందట. వంశధార ఒడ్డున ముఖలింగం గుడి శాసనాలు చదవడం రచయిత సొంతంగా నేర్చుకున్నారట. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపినందుకు నిరసనగా రచయిత ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారట. అన్నిటికంటే నాకు బాగా నచ్చింది ఇది: ‘రచయిత పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.’ మా ఇంట్లో నా పుట్టినరోజు నాకే గుర్తుండదు.

ఇప్పుడు రివ్యూయర్ గారి మాటలు వినండి. ‘వ్యాసమంతా ఆత్మస్తుతితో నిండి ఉంది. రచయిత తన బిరుదుల గురించి తనే చెప్పుకోవడం పరిశోధన మర్యాద కాదు.’ ‘ఆరోగ్య సమస్యలు వ్యాసంలో అనవసరం.’ ‘స్వీయ ఉల్లేఖనలు మితిమీరాయి.’ ఎందుకుండవు, సవర భాష గురించి 1931లో, 1938లో వచ్చిన పుస్తకాలు ఆయనవే కదా, ఎక్కడ చూసినా ‘రచయిత, 1931’, ‘రచయిత, 1938’ అనే ఉంది. చివర్లో రచయిత 1940 జనవరి 22న కన్నుమూశారని స్పష్టంగా ఉంది, దాని గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. అంటే అక్కడిదాకా చదవలేదన్నమాట. ఇంకో సలహా కూడా ఇచ్చారు, భాష మరీ వాడుక భాషలా ఉంది, గ్రాంథిక ఛాయ ఉంటే గౌరవంగా ఉంటుందని. గిడుగు మీద వ్యాసానికండీ ఇది!

రెండో రివ్యూయర్‌కి తెలుగు రాదనుకుంటా, ఇంగ్లీషు అబ్‌స్ట్రాక్టు ఒక్కటే చూసినట్టున్నారు. గిడుగు గారు తన పుస్తకాల మీద ఇంగ్లీషులో పేరు చివర హెచ్ లేకుండా వేయించుకున్నారు, నా ఆధార్‌లో హెచ్ ఉంది, అందుకని అబ్‌స్ట్రాక్టులో ఆయన చెక్కుచెదరకుండా మిగిలారు. ‘ఒక మహనీయుడిపై చక్కని అధ్యయనం, ప్రచురించవచ్చు’ అని ఆ రివ్యూయర్ రాశారు. ఒకే వ్యాసానికి ఒకాయన దండ వేశాడు, ఒకాయన చీవాట్లు పెట్టాడు.

ఆఫీసుకి ఫోన్ చేశాను.

“సార్, డబుల్ బ్లైండ్ అండి. మీ పేరు ఉండకూడదండి.”

“అది నా పేరు కాదు బాబూ.”

“మరి మీ పేరేంటి సార్?”

“రామమూర్తి.”

“అదే కదండీ తీశాం.”

గిడుగు వేరు, నేను వేరు అని చెప్పాను. “ఆ గిడుగు గారు కో-ఆథరా సార్? అయితే ఆయన సంతకం కూడా కావాలండి” అన్నాడు. ఆయన 1940లోనే పోయారు నాయనా అంటే కాసేపు టైప్ చేస్తున్న చప్పుడు వినిపించింది, తర్వాత “ఓకే సార్, కో-ఆథర్ డిసీజ్డ్ అని నోట్ చేసుకున్నాను” అన్నాడు. ఫోన్ పెట్టేసి మంచినీళ్లు తాగొచ్చాను.

డీటీపీ షాపులో ఆ ఫైలు ప్రింట్ తీస్తుంటే కుర్రాడు చదివేసి “ఏటి మాస్టారూ, ఒరిస్సాలో కలిపినప్పుడు మీరక్కడున్నారేటి?” అన్నాడు. ఇంట్లో చెప్తే మా ఆవిడ గరిటె ఆపకుండా “నూట అరవై ఏళ్లు దాటినా ప్రమోషన్ రాలేదన్నమాట” అంది.

ఇప్పుడు రివైజ్డ్ ఫైలుతోపాటు రివ్యూయర్‌కి జవాబు కూడా పంపాలంట, వాళ్లిచ్చిన ఫార్మాట్‌లో, ప్రతి విమర్శకీ ఎదురుగా ఒక గడి. ‘రచయిత తన బిరుదుల గురించి’ అన్న గడిలో ఆ రచయిత నేను కాదని రాయాలి. ఎందుకు కాదో చెప్పాలంటే నా పేరు చెప్పాలి. పేరు చెబితే బ్లైండ్ పోయిందని వ్యాసం వెనక్కి కొడతారు. నిన్న రాత్రి ఆ గడిలో ‘రచయిత ఇంకా బతికే ఉన్నారు’ అని కొట్టి, మళ్లీ చెరిపేశాను.

పొద్దున్నే ఇంకో మెయిల్ వచ్చింది. ప్రాసెసింగ్ ఫీజు కట్టి స్క్రీన్‌షాట్ పంపాలట, అందులో కట్టినవాళ్ల పూర్తి పేరు స్పష్టంగా కనబడాలట.