బుక్‌హోల్జ్‌ని తిట్టే ముందు పెయిరింగ్ జాబితా చదవండి

ఢిల్లీ ఓపెన్ చెస్ టోర్నీ మొదలైందంటే చాలు, మన చెస్ గ్రూపుల్లో ఏటా అదే గోల. మొదటి రౌండు పెయిరింగులు (ఎవరికి ఎవరు ఎదురో చెప్పే జాబితా) రాగానే "పెద్దవాళ్లకి పసిపిల్లల్ని వేశారు, అంతా సెట్టింగే" అంటారు. ఐదో రౌండులో ఓ గ్రాండ్‌మాస్టర్ పన్నెండేళ్ల పిల్లాడితో డ్రా చేసుకుంటే "వీడికి టైటిలెవడిచ్చాడు" అంటారు. ఆఖరి రౌండు ఇరవై ఎత్తుల్లో ముగిస్తే "అమ్ముడుపోయారు". పాయింట్లు సమానమై టైబ్రేక్ లెక్క మీద విజేతని ప్రకటిస్తే "లాటరీ". మొదటి మూడూ తెలియక అనే మాటలు. నాలుగోదాంట్లో మాత్రం కొంచెం నిజముంది, కానీ అంటున్నవాళ్లు చూపిస్తున్న చోట లేదు.

2022 మార్చిలో జరిగిన 19వ ఢిల్లీ ఓపెన్‌నే తీసుకోండి. పది రౌండ్లయ్యేసరికి ముగ్గురు 8.5 పాయింట్ల దగ్గర నిలిచారు. హనుమకొండ అర్జున్ ఇరిగేశి, చెన్నైలో పెరిగిన తెలుగింటి గుకేశ్, హైదరాబాద్ హర్ష భరతకోటి. టైబ్రేక్‌లో అర్జున్‌కి మొదటి స్థానం దక్కింది. మనకి అంతకన్నా పండగేముంటుంది? ఇలాంటి చోట కూడా "మా వాడికి అన్యాయం" అని మొదలుపెట్టేవాళ్లకి ముందు లెక్క తెలియాలి.

టైబ్రేక్ లెక్కల్లో ఒకటైన బుక్‌హోల్జ్ అంటే మీతో ఆడిన ప్రత్యర్థులందరూ టోర్నీ చివరికి తెచ్చుకున్న పాయింట్ల మొత్తం. 'కట్ 1' అంటే వాళ్లలో అందరికన్నా తక్కువ పాయింట్లు వచ్చిన ఒక్కరిని వదిలేసి కూడటం. మొదటి రౌండులో ఎలాగూ బలహీనుడే ఎదురవుతాడు, అతను ఆ తర్వాత కుదేలైతే ఆ భారం మీ మీద పడకూడదని ఆ ఏర్పాటు. పది రౌండ్లలో ఇద్దరికి ఎనిమిదేసి పాయింట్లు వచ్చాయనుకోండి. ఒకరు రెండో, మూడో రౌండ్లలో ఓడి కింది గుంపులోకి జారి, అక్కడినుంచి ఒక్కొక్కరినీ గెలుచుకుంటూ పైకొచ్చారు. ఇంకొకరు మొదటినుంచీ పై బోర్డుల మీదే ఆడి ఎనిమిదో, తొమ్మిదో రౌండ్లలో ఓడారు. పాయింట్లు ఒకటే అయినా రెండోవాళ్లు తలపడినవాళ్లు గట్టివాళ్లు. బుక్‌హోల్జ్ పట్టుకునేది ఆ తేడానే. ఆర్బిటర్ (టోర్నీ రిఫరీ) ఇష్టాయిష్టాలకి అందులో చోటు లేదు.

అయితే మీ ప్రత్యర్థి మీతో ఆడాక బాగా ఆడతాడా, దిగజారతాడా అన్నది మీ చేతుల్లో లేదు. మీరు మూడో రౌండులో గెలిచినవాడు ఆరో రౌండుకి చెప్పాపెట్టకుండా ఇంటికెళ్లిపోతే మీ టైబ్రేక్ దెబ్బతినొచ్చు. నేను కొంచెం నిజముందన్నది ఇక్కడే. అందుకని వరసగా మూడు ఓడగానే బ్యాగు సర్దుకునేవాళ్ల మీద నాకు కోపం. ఆర్బిటర్‌కి ఒక్క మాట చెబితే తర్వాతి పెయిరింగులో పేరు తీసేస్తారు. చెప్పకపోతే అవతలి పిల్లాడు ఖాళీ కుర్చీ ఎదురుగా కూర్చుని వాకోవర్ తీసుకోవాలి. ఆ పాయింటు ఆటగాడి బలాన్ని చెప్పే రేటింగు లెక్కలోకి రాదు, టైటిల్‌కి కావాల్సిన నార్మ్‌కి ఆటగా పనికిరాదు. వందల కిలోమీటర్లు రైల్లో వచ్చిన కుటుంబానికి ఒక పూట పోయినట్టే.

డబ్బు సంగతి వేరే చూడాలి. సమానంగా వచ్చినవాళ్లకి ప్రైజుమనీ ఎలా పంచుతారో ప్రాస్పెక్టస్‌లో ఉంటుంది. మూడు ప్రైజులు 5 లక్షలు, 3 లక్షలు, 1 లక్ష అనుకుందాం, ముగ్గురు సమానంగా వచ్చారు. సమానంగా పంచితే తలా 3 లక్షలు. హోర్ట్ పద్ధతిలో సగం టైబ్రేక్ స్థానాన్ని బట్టి, మిగతా సగం అందరికీ సమానంగా. అప్పుడు 4, 3, 2 లక్షలు వస్తాయి. పంపకమే లేకపోతే 5, 3, 1. ఒకే ఫలితానికి మూడు లెక్కలు. టైబ్రేక్ ఏ వరసలో చూస్తారన్నది కూడా ఆ కాగితంలోనే రాసి ఉండాలి. రాయని టోర్నీని నిలదీయండి, నేనూ మీతో గొంతు కలుపుతాను. ఎంట్రీ కట్టేముందు అది చదవకుండా బహుమతి ప్రదానం రోజున అరవడం మాత్రం న్యాయం కాదు.

ఇక "సెట్టింగు" మాట. 200 మంది ఉంటే రేటింగు వరసలో పై సగాన్ని కింది సగంతో కలుపుతారు. 1కి 101, 2కి 102, ఇలా చివరిదాకా. మొదటి సీడుకి తనకన్నా 100 స్థానాలు కింద ఉన్నవాడు రావడం సమాన పాయింట్లవాళ్లని ఒకరితో ఒకరిని ఆడించే స్విస్ పద్ధతి పుట్టుకలోనే ఉంది. రెండో రౌండులో గెలిచినవాళ్ల గుంపుని మళ్లీ అలాగే రెండు సగాలు చేస్తారు. అందుకే మొదటి రెండు రౌండ్లలో పై బోర్డులు చప్పగా ఉంటాయి, నాలుగో రౌండునుంచి వేడెక్కుతాయి. ఒకసారి ఆడినవాళ్లు మళ్లీ తగలకూడదు, ఒకే రంగు వరసగా మూడుసార్లు రాకూడదు, తెల్లపావులు నల్లపావుల తేడా రెండుకి మించకూడదు. ఆఖరి రౌండులో పై బోర్డులకి మాత్రం రంగుల విషయంలో సడలింపుంది. ఈ నియమాలన్నీ సాఫ్ట్‌వేర్ పాటిస్తుంది. అవే ఫలితాలు, అవే నియమాలు ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే ఆమోదించిన ఇంకో సాఫ్ట్‌వేర్‌లో పెట్టినా అవే జంటలు రావాలి. అనుమానముంటే టోర్నీ ఫైలు అడిగి మీరే తిప్పి చూసుకోవచ్చు.

పెయిరింగులో నిజంగా తప్పు దొర్లేది ఫలితం నమోదు చేసేటప్పుడు. బోర్డు 63లో నల్లపావులు గెలిస్తే 1-0 అని కొడతారు. ఇద్దరూ సంతకం పెట్టిన స్కోర్‌షీటు చూసి సరిచేయాలంటే తర్వాతి పెయిరింగు వేయకముందే ఎవరో ఒకరు చెప్పాలి. వేశాక చెబితే 100 బోర్డులూ మళ్లీ వేయడమా, ఉన్నదానితో సాగడమా అని చీఫ్ ఆర్బిటర్ తల పట్టుకోవాలి. తల్లిదండ్రులు చేయాల్సిన అసలు పని అది. పిల్ల బయటికి రాగానే "ఎందుకోడావ్" అని అడగడం మానేసి, చెస్-రిజల్ట్స్ వెబ్‌సైట్‌లో ఆ రౌండు ఫలితం సరిగ్గా పడిందో లేదో చూడండి.

అన్నిటికన్నా నా ఒళ్లు మండించేది "గ్రాండ్‌మాస్టరై ఉండి చిన్నపిల్లాడితో డ్రానా" అన్న మాట. 2450 రేటింగు ఉన్నవాడు 2050 ఉన్న పిల్లాడితో కూర్చుంటే ఫిడే పట్టిక అతని నుంచి ఆశించేది 0.92 పాయింటు. వచ్చినదానికీ ఆశించినదానికీ ఉన్న తేడాని ఎంతతో గుణించాలో చెప్పే కె విలువ 2400 ఒకసారి చేరినవాళ్లకి 10. గెలిస్తే వచ్చేది 0.8, డ్రా అయితే పోయేది 4.2, ఓడితే 9.2. ఒక్క డ్రా పూడ్చుకోవడానికి అలాంటివాళ్లని ఐదుగురిని గెలిచినా ఇంకా 0.2 బాకీ ఉంటుంది. అటు పిల్లాడికి పద్దెనిమిది నిండకుండా, రేటింగు 2300 లోపు ఉంటే కె 40. ఆ డ్రాతో అతనికి 16.8 వస్తాయి, గెలిస్తే 36.8. ఒకే బల్లకి అటూఇటూ కూర్చున్నా ఇద్దరూ పెట్టే పందెం ఒకటి కాదు.

పైగా ఆ 2050 నిజంగా 2050 కాదు. మన దగ్గర పిల్లలు రోజూ ఆన్‌లైన్‌లో గట్టివాళ్లతో ఆడుతుంటారు, కోచ్ దగ్గర గంటలకొద్దీ కూర్చుంటారు, ఇవేవీ ఫిడే జాబితాలోకి రావు. జాబితా నెలకోసారి మారుతుంది. ఒకే నెలలో మూడు టోర్నీలాడిన పిల్లాడు మూడోదాంట్లోనూ పాత రేటింగుతోనే కనిపిస్తాడు. 2024 మార్చిలో ఫిడే 2000 లోపు రేటింగులన్నిటినీ పైకి జరిపింది, 2000కి ఎంత తక్కువో అందులో నలభై శాతం కలిపింది. 1000 ఉన్నవాడు 1400 అయ్యాడు, 1500 ఉన్నవాడు 1700, 1900 ఉన్నవాడు 1940. కింద కొంత సర్దుకుంది. అయినా ఎదిగే పిల్లల వేగాన్ని ఏ సవరణ అందుకోగలదు? ఢిల్లీలాంటి ఓపెన్‌కి వచ్చే గ్రాండ్‌మాస్టర్‌కి ఈ గండం తెలుసు. తెలిసీ వచ్చి కూర్చున్నాడంటే అతనికి నమస్కారం పెట్టాలి.

2750 స్థాయిలోనూ ఇదే బాధ. 2400 వాడి మీద గెలిస్తే 1.1, డ్రా అయితే 3.9 పోతాయి. అందుకే పైస్థాయికి చేరినవాళ్లలో ఎక్కువమంది ఎంట్రీ కట్టి ఆడే ఓపెన్లకి దూరంగా ఉండి ఆహ్వాన టోర్నీలకే పరిమితమవుతారు. అర్జున్ అలా దాక్కోలేదు. 2024లో మెనోర్కా ఓపెన్ ఆడి గెలిచాడు, ఓపెన్లు ఆడుతూనే ఆ ఏడాది డిసెంబర్ జాబితాలో 2801 చేరాడు. ఆనంద్ తర్వాత భారత్ నుంచి 2800 జాబితాకెక్కిన రెండోవాడు మన హనుమకొండ కుర్రాడు. ఈ లెక్క తెలిసినవాడికే ఆ 2801 బరువేంటో అర్థమవుతుంది.

ఆఖరి రౌండు డ్రాల దగ్గరికొద్దాం. తొమ్మిది ఆటల్లో గ్రాండ్‌మాస్టర్ నార్మ్ రావాలంటే పెర్ఫార్మెన్స్ (ఆ టోర్నీలో ఆడిన స్థాయి) 2600 ఉండాలి. ప్రత్యర్థుల సగటు 2380 అయితే 7 పాయింట్లు కావాలి, 6.5 సరిపోవాలంటే సగటు 2434 ఉండాలి, 6 చాలాలంటే 2475. ప్రత్యర్థుల్లో కనీసం ముగ్గురు గ్రాండ్‌మాస్టర్లు ఉండాలి, సగం మందికి టైటిల్ ఉండాలి. ఆ సగంలోకి క్యాండిడేట్ మాస్టర్ టైటిల్ లెక్కకు రాదు. మామూలుగా అయితే తన దేశం కాక మరో రెండు దేశాల వాళ్లతో ఆడి ఉండాలి కూడా. టోర్నీలో కనీసం మూడు దేశాల నుంచి రేటింగున్న విదేశీయులు ఇరవై మంది ఉండి, వాళ్లలో పదిమందికి పెద్ద టైటిళ్లుంటే ఆ షరతు వర్తించదు. నిర్వాహకులు బస, భోజనం పెట్టి విదేశీ గ్రాండ్‌మాస్టర్లని పిలిపించేది అందుకే. "మన డబ్బు వాళ్లకి దోచిపెడుతున్నారు" అనేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. వాళ్లు రాకపోతే మన పిల్లలు నార్మ్ కోసం యూరప్ టికెట్టు కొనుక్కోవాలి.

ఇప్పుడు ఎనిమిది ఆటల్లో 6.5 ఉన్న పదహారేళ్ల పిల్లని ఊహించుకోండి. సగటు 2380 దాటింది, 2434 అందలేదు. డ్రా చేస్తే నార్మ్, ఓడితే ఏమీ లేదు. మూడు నార్మ్‌లు, కనీసం 27 ఆటలు, రేటింగు 2500, అప్పుడుగాని టైటిల్ రాదు. ఆ అర పాయింటు వెనక ఆ ఇంటివాళ్లు పెట్టిన ఐదేళ్ల ఖర్చుంది. ఎదుటివాడికీ డ్రాతో మంచి ప్రైజు ఖాయమైతే ఇద్దరూ ఇరవై ఎత్తుల్లో చేతులు కలుపుతారు. నిబంధన ఒప్పుకున్న డ్రా అది. 30 ఎత్తుల లోపు డ్రా ప్రతిపాదించకూడదని నిర్వాహకులు ముందే నియమం పెట్టొచ్చు. పెట్టినా ఒకే స్థితిని మూడుసార్లు తెచ్చి ముగించే దారి ఉంటుంది. డబ్బులిచ్చి ఫలితం కొనడం ఘోరమైన నేరం, దానికి ఆధారముంటే ఫిర్యాదు చేయండి. ఎత్తుల సంఖ్య ఆధారం కాదు.

లైవ్ గురించి కొంచెం. ప్రసారంలో కనిపించేవి పై బోర్డులే, అవీ చాలా టోర్నీల్లో మోసాల భయంతో పదిహేను నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. ఎలక్ట్రానిక్ బోర్డు పావులో ఉండే కాయిల్‌ని గుర్తుపడుతుంది. టైము ఒత్తిడిలో పావుని గడి మధ్యలో కాకుండా గీత మీద పెడితే తప్పు చదువుతుంది. ఆటయ్యాక ఇద్దరూ అక్కడే కూర్చుని పావులు జరిపి చూసుకుంటే ఆ ఎత్తులూ ఆటలో కలిసిపోతాయి. రాజులిద్దరినీ మధ్య గళ్లలో పెట్టి ఫలితం తెలపాలి. రెండూ తెల్లగళ్లలో ఉంటే తెల్లపావుల గెలుపు, నల్లగళ్లలో ఉంటే నల్లపావులది, చెరో రంగులో ఉంటే డ్రా. అది మరిచి పావులు సర్దేస్తే తెరమీద పిచ్చి ఎత్తులు కనిపిస్తాయి. అవి చూసి "రాణిని ఊరికే ఇచ్చేశాడు" అని పోస్టులు పెట్టేముందు ఓ గంట ఆగండి.

తెరమీద ఎవరిది పైచేయో కంప్యూటర్ అంచనా చూపే ఇంజిన్ పట్టీ చూసి తిట్టేవాళ్లకి ఒకటే అడుగుతాను. గడియారంలో రెండు నిమిషాలు, ఎత్తుకి ముప్పై సెకన్లు, నాలుగో గంట నడుస్తోంది. తెరమీద 0.00 (ఇద్దరూ సమానం) ఉన్నచోట మీరు ఆ పట్టీ మూసి ఎత్తు వెతకగలరా?

అంతకన్నా ఘోరం, పిల్లల పేర్లు పెట్టి "98 శాతం కచ్చితత్వం, మొబైల్ చూశాడు" అని రాయడం. పద్దెనిమిది ఎత్తులు బట్టీపట్టిన ఓపెనింగు, ఆ వెంటనే ఎదుటివాడి పొరపాటు, ఆట ఇరవై అయిదులో ముగిసింది. అలాంటి ఆటలో ఎవరికైనా ఆ శాతం వస్తుంది. ఆడే చోట ఫోను దగ్గరుంటే ఆట పోతుందని నియమాల్లోనే ఉంది, మెటల్ డిటెక్టర్లు పెడతారు. అనుమానముంటే చీఫ్ ఆర్బిటర్‌కి రాతపూర్వకంగా ఇవ్వడానికి ఫారం ఉంటుంది. ఆధారం లేకుండా ఆరోపిస్తే ఆరోపించినవాళ్ల మీదే ఫిడే చర్య తీసుకోవచ్చు. పదకొండేళ్ల పిల్లాడు మర్నాడు హాల్లోకి వస్తే వందమంది తలలు తిప్పి చూస్తారు. ఆ చూపు వాడి ఆటని ఏం చేస్తుందో రాసేవాళ్లకి పట్టదు.

కోపం ఉంటే చూపించాల్సిన చోటు ఇంకోటుంది. 90 నిమిషాలు, ఎత్తుకి 30 సెకన్ల చొప్పున 60 ఎత్తుల ఆట సాగితే ఒక్కొక్కరికి రెండు గంటలు, మొత్తం నాలుగు. అలాంటి రౌండ్లు రోజుకి రెండు పెడితే పిల్లాడు ఎనిమిది గంటలు బల్ల ముందుంటాడు. రాత్రి రౌండులో ఏ మూల బోర్డులోనో రూక్ ఎండ్‌గేమ్ సాగుతుంటే అది తేలేదాకా తర్వాతి పెయిరింగు వేయడం కుదరదు. పదిన్నరకి జాబితా వస్తుంది, పొద్దున తొమ్మిదికి గడియారం నొక్కాలి. ప్రత్యర్థి ఆటలు ఎప్పుడు చూసుకోవాలి, ఎప్పుడు తినాలి, ఎప్పుడు పడుకోవాలి? హాలు బయట తల్లులు కూర్చోవడానికి కుర్చీలుండవు, వందలమంది పిల్లలకి సరిపడా టాయిలెట్లుండవు. వచ్చే ఏడాది ప్రాస్పెక్టస్ రాగానే రోజుకి ఎన్ని రౌండ్లు పెట్టారో, రెండు రౌండ్ల మధ్య ఎంత విరామం ఇచ్చారో చూసి, ఎంట్రీ కట్టేలోపే నిర్వాహకులకి రాయండి. అందరం రాద్దాం.