మిశ్రచాపులో పింక్ ఫ్లాయిడ్

పాత రాక్ ఆల్బమ్‌లను మళ్లీ వినమంటూ రాసిన వ్యాసం బాగుంది. కానీ పింక్ ఫ్లాయిడ్ అనే బ్రిటిష్ రాక్ బృందం ఆల్బమ్ 'ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' నుంచి నచ్చిన రెండు పాటలు ఏరుకుని వింటే చాలన్నారు, అది మాత్రం నేను ఒప్పుకోలేను. 1973లో వచ్చిన ఆ రికార్డు మొత్తం కలిపి దాదాపు 43 నిమిషాలే. ఒక పాట ఇంకో పాటలోకి కలిసిపోతూ సాగుతుంది. మధ్యలో తెంపితే ఏం మిగులుతుంది?

మాది పర్లాకిమిడి. అన్నయ్య బరంపురం నుంచి తెచ్చిన 90 నిమిషాల క్యాసెట్‌లో ఒక పక్కకే ఆల్బమంతా పట్టేసింది. ఎల్పీ రికార్డు అయితే సగంలో లేచి తిప్పాలి, మాకు ఆ పని లేకపోయింది. అందులో 'మనీ' పాట మొదట్లో చిల్లర గలగల, గల్లాపెట్టె చప్పుడు వస్తాయి కదా, అవి ఏడు శబ్దాల టేపు ముక్కలు అతికించి చేసినవి. బియ్యం ఏరుతున్న అమ్మ అది విని, చాట పక్కన పెట్టి, తొడ మీద తాళం వేసింది. తకిట తకధిమి, తకిట తకధిమి. "ఇది మిశ్రచాపు లెక్కేరా" అంది. నిజమే, మిశ్రచాపు కర్ణాటక సంగీతంలో ఏడు లెక్కల తాళం, ఈ పాటదీ ఏడు లెక్కే! శాక్సోఫోన్ దాకా ఏడే నడిచి, గిటారు సోలోలో నాలుగుకి మారుతుంది. అక్కడ అమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్లీ అందుకుంది. ఇప్పటికీ ఆ చోటు రాగానే నాకు ఆ చెయ్యే కనిపిస్తుంది.

ఈ వారం, మన సంగీతాన్ని జాజ్‌తో కలిపే శక్తి బృందం 2023లో తెచ్చిన 'దిస్ మూమెంట్' వింటున్నాను. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు, జాకిర్ హుస్సేన్ తబలా, సెల్వగణేశ్ కంజీర. మీలో ఎవరైనా విన్నారా? రాత్రి లైటు తీసేసి, మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి వినండి.