జులై దాకా ఆగడంలోనే ఉంది కిటుకు

2025 మార్చి 14న స్వోమ్ ఉపగ్రహం పట్టిన గామా కిరణాల మెరుపు (భారీ నక్షత్రం కూలి పేలేటప్పుడు చిమ్మే వెలుగు) గురించి మీ వ్యాసంలో బాగా రాశారు. కానీ ఆ పేలుడును చూడ్డానికి జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్ జులై 1 దాకా ఎందుకు ఆగిందో ఒక్క ముక్కలో దాటేశారు. అసలు మజా అక్కడే ఉంది. విశ్వం వయసు సుమారు 73 కోట్ల ఏళ్లున్నప్పుడు బయల్దేరిన వెలుగది. దారిలో విశ్వం వ్యాకోచించి, ఆ తరంగాలతో పాటు కాలాన్నీ ఎనిమిది రెట్లకు పైగా సాగదీసింది. అక్కడ రెండు వారాల్లోపే వెలుగు పుంజుకునే సూపర్నోవా (ఆ మెరుపు వెనకున్న నక్షత్ర పేలుడు), ఇక్కడ మనకు మూడున్నర నెలలకు గానీ నిండుగా కనబడదు. మొదటి మెరుపు పది సెకన్లే, అదీ సాగదీశాక! ఇంతా చేస్తే, భార మూలకాలు (హీలియం కంటే బరువైనవి) తక్కువగా ఉన్న ఆ కాలపు నక్షత్రం వేరే తీరులో పేలుతుందనుకుంటే, అది కూడా మన దగ్గరి సూపర్నోవాల్లాగే పేలిందట. నాకదే మింగుడుపడటం లేదు.