బేస్ యాంప్‌కి బరువు అవసరమా?

ఊరూరా తిరిగి ప్రోగ్రాములు వాయించే బేస్ గిటారిస్టు ఇప్పుడు కొత్త యాంప్ కొనాలి. పది, పదమూడు కిలోల తేలిక కాంబో కొనాలా, పాత పద్ధతిలో బరువైన హెడ్, పెద్ద క్యాబినెట్ కొనాలా? కాంబో అంటే యాంప్లిఫయర్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉన్నది. హెడ్ అంటే విడి యాంప్లిఫయర్, క్యాబినెట్ అంటే విడి స్పీకర్ పెట్టె.

వాదించేది ఇద్దరు. బాబాయ్ విజయవాడలో చర్చి ప్రోగ్రాములకీ, పెళ్లి రిసెప్షన్ ఆర్కెస్ట్రాలకీ ఏళ్లుగా బేస్ వాయిస్తున్నాడు. ఆయన దగ్గర విడిగా హెడ్, 15 అంగుళాల స్పీకర్ ఉన్న క్యాబినెట్ ఉన్నాయి. అమ్మాయి ఆయన అన్నగారి కూతురు. బేస్ వీపుకి తగిలించుకుని స్కూటీ మీద వారధి దాటి మంగళగిరి, గుంటూరు దాకా వెళ్లి వాయించి వస్తుంది. నా మనసు చాలావరకు అమ్మాయి వైపే ఉంది. ఆ సంగతి ముందే చెప్పి మొదలుపెడుతున్నాను.

బాబాయ్: మా రోజుల్లో యాంప్‌ని ఎత్తి చూసి కొనేవాళ్లం అమ్మా. బరువుగా ఉందంటే లోపల ట్రాన్స్‌ఫార్మర్ గట్టిది, స్పీకర్ మాగ్నెట్ పెద్దది అని లెక్క. 1969లో వచ్చిన యాంపెగ్ ఎస్‌వీటీనే చూడు. 300 వాట్ల గాజు వాల్వుల హెడ్, దాని కింద ఎనిమిది 10 అంగుళాల స్పీకర్ల పెట్టె. హెడ్ ఒక్కటే 35 కిలోలు దాటుతుంది, పెట్టె 60 దాటుతుంది. ఇవాళ్టికీ బేస్ సౌండ్ అంటే దాన్నే కొలతగా చెప్తారు. నువ్వు ఒక చేత్తో పట్టుకుపోయే పెట్టెలోంచి అలాంటి బేస్ వస్తుందంటే ఎలా నమ్మమంటావు?

అమ్మాయి: ఆ బరువు ఎక్కడెక్కడ ఉందో విడదీసి చూద్దాం బాబాయ్. మొదటిది ట్రాన్స్‌ఫార్మర్. మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అంత తక్కువ ఫ్రీక్వెన్సీలో అన్ని వాట్లు పంపాలంటే ఇనుము, రాగి బోలెడు పట్టాలి. ఇప్పటి యాంపుల్లో ఉండే ఎస్‌ఎంపీఎస్, అంటే స్విచ్ మోడ్ పవర్ సప్లై, ఆ కరెంటుని ముందు సెకనుకి వేల సార్లు ఆన్, ఆఫ్ చేస్తుంది. ఆ వేగంలో అరచేతిలో పట్టే ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది. రెండోది వేడి. పాత క్లాస్ ఏబీ యాంప్ తీసుకున్న పవర్‌లో దగ్గర దగ్గర సగం వేడిగా పోతుంది, అందుకే ఆ లావాటి అల్యూమినియం రెక్కలు. ట్రాన్సిస్టర్లని వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ నడిచే క్లాస్ డీ యాంప్‌లో 85 శాతానికి పైగా స్పీకర్‌కే చేరుతుంది. మూడోది మాగ్నెట్. 1984లో నియోడిమియం మాగ్నెట్లు వచ్చాయి. పాత స్పీకర్లలో ఉండే ఫెర్రైట్ మాగ్నెట్ చేసే పనిని వాటితో చాలా తక్కువ బరువులో చేయించవచ్చు. ఈ మూడింట్లో తగ్గింది ఇనుమే. సౌండ్‌కి వచ్చిన లోటు ఏముంది?

బాబాయ్: ట్రాన్స్‌ఫార్మర్ సంగతి ఒప్పుకుంటా. పెట్టె సంగతి చెప్పు. స్పీకర్ కదిపే గాలిని బట్టే బేస్. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ వాట్లకే పెద్ద సౌండ్, ఈ మూడూ ఒకేసారి దొరకవు. స్పీకర్లు డిజైన్ చేసేవాళ్లు దీన్నే హాఫ్‌మన్ ఐరన్ లా అంటారు. ఏ రెండు కావాలో తేల్చుకుంటే మూడోది వదులుకోవాల్సిందే. ఎస్‌ఎంపీఎస్ వచ్చినంత మాత్రాన గాలి గుణం మారలేదు కదా.

అమ్మాయి: మారలేదు. అయితే ఆ మూడింట్లో ఇప్పుడు చవకగా దొరుకుతున్నది వాట్లే. చిన్న పెట్టెలో లోతు కావాలంటే ఎక్కువ వాట్లు పెట్టాలి, క్లాస్ డీలో అవి బరువు పెంచకుండా వస్తాయి. ఇంకో మాట. బేస్‌లో కింది ‘ఈ’ (E) తీగ 41 హెర్ట్జ్. మీరు చెప్పిన ఎనిమిది స్పీకర్ల పెట్టెలో ఇప్పటి మోడల్‌ని తీసుకుంటే, కంపెనీ ఇచ్చిన లెక్కలోనే 58 హెర్ట్జ్ దగ్గర మూడు డెసిబెల్స్ తగ్గిపోతుంది, 40కి వచ్చేసరికి పది తగ్గుతుంది. మీ ఛాతీకి తగిలింది ఎక్కువగా 82 హెర్ట్జ్ దగ్గర ఉండే రెండో హార్మోనిక్ (మూల స్వరానికి రెట్టింపు), దాని పై స్వరాలు. మూల స్వరం పలచబడినా పైవి సరిగ్గా ఉంటే చెవి దాన్ని తనే పూరించుకుంటుంది. మంచి 12 అంగుళాల కాంబో 80 హెర్ట్జ్‌ని బాగానే పలుకుతుంది.

బాబాయ్: నీది నాలుగు తీగల బేస్ కాబట్టి అలా అంటున్నావు. ఐదు తీగల దాంట్లో కింది ‘బీ’ (B) తీగ 31 హెర్ట్జ్. చిన్న పెట్టెలో అది వాయిస్తూ బేస్ నాబ్ పూర్తిగా తిప్పావంటే స్పీకర్ కోన్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుందే తప్ప స్వరం రాదు. స్పీకర్ కూడా త్వరగా పోతుంది.

(ఇది అక్షరాలా నిజం. బేస్ నాబ్‌ని చివరిదాకా తిప్పితే తేలిక కాంబో స్పీకర్ పాడయ్యే ప్రమాదం ఉంది. లో మిడ్‌ని, అంటే 150 నుంచి 300 హెర్ట్జ్ మధ్య భాగాన్ని కొంచెం పెంచుకుంటే నాబ్ అంత తిప్పాల్సిన పనే రాదు.)

బాబాయ్: ఇంకొకటి. పెట్టె మీద 500 అని పెద్ద అంకె వేస్తారు. కొన్నవాడు ఐదు వందల వాట్లు వస్తాయనుకుంటాడు.

అమ్మాయి: ఈ విషయంలో నేనూ మీతోనే. మార్క్‌బాస్ సీఎండీ 121పీ పదమూడు కిలోల చిల్లర ఉంటుంది, 500 వాట్లని చెప్తారు. లోపలున్న 8 ఓమ్స్ స్పీకర్‌తో వచ్చేది 300. ఓమ్స్ అంటే స్పీకర్ కరెంటుకి ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత. పక్కన ఇంకో 8 ఓమ్స్ క్యాబినెట్ తగిలిస్తే మొత్తం 4 ఓమ్స్ అవుతుంది, అప్పుడే 500. ఫెండర్ రంబుల్ 500 కూడా లోపలి స్పీకర్లతో 350 వాట్లే. కానీ బాబాయ్, వాట్లు రెట్టింపైతే పెరిగేది మూడు డెసిబెల్సే. వందకీ ఐదు వందలకీ మధ్య తేడా ఏడు. చెవికి సౌండ్ రెట్టింపైనట్టు అనిపించాలంటే పది కావాలి. కాబట్టి ఆ అంకె చూసి మురిసిపోవడానికీ లేదు, బెంగపడడానికీ లేదు. స్పీకర్ సెన్సిటివిటీ ఎంత, అంటే ఒక్క వాట్‌కి ఎంత సౌండ్ ఇస్తుంది, ఎన్ని స్పీకర్లు ఉన్నాయి, అవి చూడాలి.

బాబాయ్: సరే, చూశావు. ఫంక్షన్ హాల్లో ఎనిమిది వందల మంది కూర్చుంటే ఆ 12 అంగుళాల పెట్టె వెనక వరసకి వినిపిస్తుందా?

అమ్మాయి: వెనక వరసకి వినిపించే బాధ్యత నా యాంప్‌ది కాదు. అది సౌండ్ సిస్టమ్ పని. ఎస్‌వీటీ వచ్చిన రోజుల్లో బేస్‌ని పీఏలోకి, అంటే హాలు సౌండ్ సిస్టమ్‌లోకి ఇచ్చే అలవాటు అంతగా లేదు, అందుకే స్టేజీ మీదున్న యాంపే హాలంతా నింపాల్సి వచ్చింది. ఇప్పుడు తుమ్మలపల్లి కళాక్షేత్రంలో వాయించినా, గుంటూరులో కల్యాణ మండపంలో వాయించినా యాంప్ వెనక ఉన్న డీఐ అవుట్‌లోంచి, అంటే సిగ్నల్‌ని నేరుగా మిక్సర్‌కి ఇచ్చే సాకెట్‌లోంచి, ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ ఒకటి మిక్సర్‌కి వెళ్తుంది. సబ్ ఊఫర్లు వాళ్ల దగ్గర ఉంటాయి. నా యాంప్ నాకు వినిపించాలి, పక్కనున్న రిథమ్ ప్లేయర్‌కి వినిపించాలి. మన దగ్గర చాలా స్టేజీల మీద ఉండేది ఆక్టాప్యాడ్, కర్రలతో వాయించే ఎలక్ట్రానిక్ ప్యాడ్. దానికి సొంత స్పీకర్ లేదు, దాని సౌండ్ కూడా పీఏలోంచే రావాలి. అసలు డ్రమ్ సెట్‌తో పోటీపడే అవసరమే చాలాసార్లు రాదు.

బాబాయ్: అలాగైతే నీ వాదన నీకే అడ్డం తిరిగింది తల్లీ. హాలంతా పీఏ చూసుకుంటే నీకు కాంబో ఎందుకు? జేబులో పట్టే డీఐ బాక్సు, చెవిలో ఇయర్‌ఫోన్. పది కిలోలు కూడా మోయక్కర్లేదు.

(ఈ వాదంలో బాబాయ్ వేసిన గట్టి దెబ్బ ఇదే. చాలామంది బేస్ వాళ్లు ఇప్పుడు చేస్తున్నదీ ఇదే.)

అమ్మాయి: స్టేజీ మీద మనకి వినిపించే మంచి మానిటర్ స్పీకర్లు, ఓపికగా వినే సౌండ్ ఇంజనీరు ఉంటే మీరన్నట్టే చేస్తాను. మనకి దొరికే స్టేజీ ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. రెండు మానిటర్లుంటాయి, రెండూ పాడేవాళ్ల ముందే. బేస్ మానిటర్‌లోకి ఇవ్వండన్నా అంటే ‘ఇచ్చాను కదమ్మా’ అంటారు, ఏమీ వినిపించదు. నా బేస్ నాకు వినిపించకపోతే కీబోర్డ్ ఎడమచేతి స్వరాలు విని దాన్ని నా స్వరం అనుకుంటాను, తాళం వెనకబడుతుంది. అందుకని వెనక నాదంటూ ఒక స్పీకర్ కావాలి. కుర్చీ మీద కాస్త వెనక్కి వాల్చి పెడితే నేరుగా చెవికి కొడుతుంది. చెక్క స్టేజీ మీద నేలకి ఆనించి పెడితే కింద డొల్లగా ఉండి గుమ్మని మోగుతుంది, స్వరం స్పష్టంగా తెలియదు. మీ 15 అంగుళాల పెట్టె మోకాళ్లకి వినిపిస్తుంది, చెవులకి కాదు. అందుకే దాన్ని పెంచుతూ పోతారు, అది మైకుల్లోకి దూరుతుంది, అప్పుడు సౌండ్ అన్న వచ్చి తగ్గించమంటాడు.

బాబాయ్: డీఐ ప్రీలో పెడతావా, పోస్ట్‌లోనా?

అమ్మాయి: ప్రీలో, అంటే యాంప్ నాబుల కన్నా ముందే సిగ్నల్ తీసుకునేలా. పోస్ట్ అయితే నాబుల తర్వాత తీస్తుంది. స్టేజీ మీద నా కోసం నాబ్ తిప్పితే హాల్లో సౌండ్ మారకూడదు కదా.

బాబాయ్: అది తెలిసినందుకు సంతోషం. ఇప్పుడు నా అసలు భయం చెప్తా. నా యాంప్ పాడైతే మన ఊళ్లో మెకానిక్ విప్పుతాడు. ట్రాన్సిస్టర్ పోయిందా, కెపాసిటర్ ఉబ్బిందా కంటికి తెలుస్తుంది, విడిభాగం తెచ్చి వేస్తాడు. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే వైండింగ్ చేసేవాళ్లున్నారు. నీ క్లాస్ డీ యాంప్‌లో ఉండేది చీమ తలంత పార్టులు అతికించిన బోర్డు. పోతే బోర్డు మొత్తం మార్చాలంటారు. అది ఎప్పుడొస్తుందో చెప్పరు. వచ్చే లోపల డిసెంబరు అయిపోతుంది, క్రిస్మస్ ప్రోగ్రాములన్నీ పోతాయి. అప్పుడు నీ తేలిక యాంప్ ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తావు?

అమ్మాయి: దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు బాబాయ్. వారంటీ ఇండియాలో ఇచ్చేవాళ్ల దగ్గరే బిల్లుతో కొంటాను. బ్యాగులో చిన్న డీఐ బాక్సు ఒకటి ఎప్పుడూ ఉంచుకుంటాను, యాంప్ ఆగినా ప్రోగ్రాం ఆగదు. రిపేరు విషయంలో మాత్రం మీ పాతదానికే బలం ఎక్కువ. ఒప్పుకుంటున్నా.

బాబాయ్: అమెరికాలో ఉన్న మీ అక్క తెస్తానంటోందటగా?

అమ్మాయి: వద్దన్నాను. అక్కడ అమ్మేవి 120 వోల్టులకి ఉంటాయి. వెనక ప్లేటు మీద 100 నుంచి 240 దాకా అని ఉంటే సరే, లేదా వోల్టేజీ మార్చే స్విచ్ ఉండాలి. 120 మాత్రమే అని ఉన్నదాన్ని మన ప్లగ్గులో పెడితే అక్కడికక్కడే పోతుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తగిలిస్తే మిగిల్చిన బరువు మళ్లీ చేతికే వస్తుంది. పైగా ఇక్కడ వారంటీ కూడా చెల్లకపోవచ్చు.

బాబాయ్: జనరేటర్ మీద వాయించేటప్పుడు కూడా చూసుకో. లోడు మారినప్పుడల్లా వోల్టేజీ ఊగుతుంది. బోర్డులో ఎర్త్ ఉందో లేదో సాకెట్ టెస్టర్‌తో చూడకుండా ప్లగ్ పెట్టకు. హమ్, అంటే గుయ్యిమనే చప్పుడు వస్తోందని కొందరు మూడో పిన్ను తీసేసి పెడతారు. ఒక చేయి తీగల మీద, పెదాలు మైకుకి ఆనించి ఉన్నప్పుడు షాక్ కొడితే ప్రాణం పోతుంది. హమ్ వస్తే డీఐ దగ్గర గ్రౌండ్ లిఫ్ట్ నొక్కు. అది సిగ్నల్ కేబుల్ గ్రౌండ్‌నే విడదీస్తుంది, కరెంటు ఎర్త్ జోలికి పోదు. వాన పడి పందిరి తడిసిన చోట ఎర్త్ లేదని తెలిస్తే వాయించనని చెప్పేసేయ్. డబ్బులు పోతే పోనీ.

(తేలికదా బరువైనదా అనే వాదం కన్నా ఈ మాట పెద్దది. ఈ ఒక్క విషయంలో నేను పూర్తిగా బాబాయ్ వైపు.)

అమ్మాయి: అలాగే బాబాయ్. చివరికి రెండు అనుకున్నాను. రంబుల్ 100 పది కిలోలు, 12 అంగుళాలు, స్కూటీ ముందు కాళ్ల దగ్గర పెట్టుకుని వెళ్లిపోవచ్చు. చర్చికి, చిన్న రిసెప్షన్‌కి అది చాలు. కాకపోతే బయటి స్పీకర్ తగిలించే సాకెట్ ఉన్న పదమూడు కిలోల మార్క్‌బాస్ మీదే మనసు పోతోంది.

బాబాయ్: సాకెట్ దేనికి?

అమ్మాయి: బహిరంగ సభల్లో సబ్‌లు లేకుండా నాలుగు కాలమ్ స్పీకర్లతో సరిపెట్టే చోట్లు ఉంటాయి కదా. అక్కడ నా ఒక్క 12 అంగుళాలు చాలవు, మీరన్నదే నిజం. ఆ రోజు మీ 15 అంగుళాల క్యాబినెట్ ఆటోలో తెచ్చి దీనికి తగిలిద్దామని.

బాబాయ్: కొనే ముందు నీ సొంత బేస్ తీసుకెళ్లి షాపులో వాయించి చూడు. ఎఫెక్టులన్నీ తీసేసి, నాబులన్నీ మధ్యలో పెట్టి, నువ్వు ప్రోగ్రాంలో వాయించేంత సౌండ్‌లో పది నిమిషాలు వాయించు. కింది ‘ఈ’ (E) తీగ మీద గరగర వచ్చిందంటే అది వదిలేసి ఇంకోటి చూడు. ఇంక నా క్యాబినెట్ సంగతి. వెనక ప్లేటు చూశాకే తగిలించు. 8 ఓమ్స్ అని ఉంటే నీ పెట్టెతో కలిసి 4 అవుతుంది, పర్వాలేదు. 4 అని ఉంటే కలిపితే మూడు ఓమ్స్ కూడా ఉండదు, నీ యాంప్ తట్టుకోదు.

అమ్మాయి: చూశాను బాబాయ్. 8 అనే ఉంది.

బాబాయ్: అయితే ఆటో డబ్బులు నీవి.