ప్లేట్‌లెట్లు ఎంతకి దిగాయి?

డెంగీ సీజన్లో పెద్ద ప్రైవేటు ఆసుపత్రి వెయిటింగ్ హాలు ముందు షేర్ మార్కెట్ కూడా దిగదుడుపే. పొద్దున్నే రక్తం తీస్తారు, టిఫిన్ల వేళకి రిపోర్టు. "మీవాళ్లకెంత అన్నా?" "నలభై వేలు." "మాకు ఇరవై ఎనిమిదే." ఓడినాయన మొహం చిన్నబోతుంది. పన్నెండు వేలకు దిగినవాళ్లు వస్తే హాలంతా లేచి కుర్చీ ఇస్తుంది. ఈలోగా మా బాబాయి బొప్పాయాకు రసం సీసాని లుంగీ మడతలో దాచి సెక్యూరిటీని దాటిస్తాడు. పిన్ని గేటు బయట కివీ పళ్లు బేరమాడుతుంది. ఆ బండివాడు పైన ఎన్ని బెడ్లు నిండాయో కనుక్కుని రేటు చెబుతాడని నా గట్టి అనుమానం.

అప్పుడు ఫైలు పట్టుకుని ఒకాయన వస్తాడు. గొంతు తగ్గించి, "రిస్క్ ఎందుకు సార్, ప్లేట్‌లెట్లు ఎక్కించేద్దాం" అంటాడు. రక్తస్రావం లేకుండా, కౌంటు 10,000 పైన ఉంటే మామూలుగా ఎక్కించనక్కర్లేదని కేంద్ర మార్గదర్శకాలే చెబుతున్నాయి. పాపం, ఆయనకి చదివే తీరిక ఉండొద్దూ!

డెంగీ వైరస్‌ని చంపే మందు ఇంకా లేదు. పారాసిటమాల్, కొలిచి ఎక్కించే సెలైన్, వేళకి బీపీ, రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే పీసీవీ చూసే నర్సు. వైద్యమంటే ఇదే. దీనికి మా బావమరిది బిల్లు ఎనిమిది పేజీలు. అందులో రాసిన గ్లౌజులతో ఊరి పెళ్లిలో వడ్డనవాళ్లందరి చేతులూ కప్పొచ్చు. వాడినవి పారేసినందుకు మళ్లీ వేరే చార్జీ. డిశ్చార్జి అడిగిన 3 గంటల్లో ఇన్సూరెన్స్ కంపెనీ తేల్చాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో చెప్పింది. మాకు చీకటిపడేదాకా "అప్రూవల్ రాలేదు సార్."

ఇదంతా నవ్వుకోవచ్చు. కానీ ఈ జబ్బులో అసలు గండం జ్వరం తగ్గాకే మొదలవుతుందని, కడుపునొప్పి, ఆగని వాంతులు, చల్లబడే చేతులు కనిపిస్తే పరిగెత్తుకు రావాలని కూలిపని చేసేవాడికి ఎవడు చెబుతున్నాడు? జ్వరం దిగిందని వాడు పనికి పోతాడు. ఆ ఒక్క మాట చెప్పడానికి మీకు నోరు రాదు గానీ, అడ్వాన్స్ అడగడానికి అర్ధరాత్రయినా వస్తుందేం? సిగ్గుండక్కర్లేదా?

పుస్తెలు తాకట్టు పెట్టి బిల్లు కట్టిన ఒకావిడ చేతికి కౌంటర్లో ట్యాబ్ ఇచ్చారు, ఐదు స్టార్లు నొక్కమని. వేలిముద్ర ఎక్కడెయ్యాలి బాబూ అని అడిగింది.