సాంకేతిక అంతరాయానికి చింతిస్తున్నాము

"సాంకేతిక అంతరాయం" కంటే సాధువైన మాట భాషలో మరొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం. అది ఎవరినీ నిందించదు, ఎవరి పేరూ ఎత్తదు. ఇంటర్నెట్ తనంతట తానే అలిగి పుట్టింటికి వెళ్లిపోయిందన్న భావన కలిగిస్తుంది. డిజిటల్ యుగంలో ప్రజాస్వామ్యాన్ని పరిరక్షించి పౌర సమాజానికి అండగా నిలవడం ఎలాగన్న విషయంపై జరిగే సదస్సుల్లో ఈ మాట వినిపించినంత తరచుగా "ప్రజలు" అన్న మాట కూడా వినిపించదు.

అటువంటి సదస్సు ఎలా నడుస్తుందో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు గాని, చెప్పకుండా ఉండటం నా వల్ల కాదు. వేదిక మీద ఒక మంత్రివర్యులు, ఒక పెద్ద టెక్ సంస్థ ఉపాధ్యక్షులు, పౌర సంఘాలకు నిధులిచ్చే సంస్థ అధిపతి ఒకరు ఆసీనులవుతారు. పౌర సమాజం గురించి ఈ ముగ్గురూ రెండు గంటలు మాట్లాడాక, తన గురించి తాను చెప్పుకోవడానికి పౌర సమాజానికి, భోజనాలకు లేచే ముందు, మూడు నిమిషాలు కేటాయిస్తారు. తెర మీద నుంచి మాట్లాడవలసిన కార్యకర్త ఉన్నది మంత్రిగారి దేశంలోనే. "ఇవాళ మధ్యాహ్నం నుంచి మా దగ్గర" అన్నంత వరకే వినపడుతుంది. ఆపైన, నోరు సగం తెరిచిన ముఖం తెర మీద బిగుసుకుపోతుంది. సాంకేతిక అంతరాయానికి చింతిస్తున్నామని సమన్వయకర్త ప్రకటిస్తారు. అందరికంటే ఎక్కువగా చింతించేది మంత్రిగారే. ముందురోజు ఇంటర్నెట్ నిలిపివేత ఉత్తర్వు మీద సంతకం పెట్టిన కలంతోనే, మారుమూల ప్రాంతాలకు మెరుగైన కనెక్షన్లు ఇవ్వవలసిన ఆవశ్యకతను ఆయన తన కాగితం మీద రాసుకుంటారు. ఉపాధ్యక్షులవారు ఆ ముఖాన్ని కాసేపు పరిశీలించి, తమ కొత్త ఉత్పత్తిలో చిత్రం ఇంతకంటే స్పష్టంగా వస్తుందని సెలవిస్తారు. తరువాత అందరూ వరుసగా నిలబడి ఫొటో దిగుతారు. వెనుక తెర మీద ఆ ముఖం నోరు తెరుచుకుని అలాగే ఉంటుంది. నివేదికలో ఆ ఫొటో కింద "చర్చలో చురుగ్గా పాల్గొన్న పౌర సమాజం" అని అచ్చు వేస్తారు.

2011 జనవరి చివర ఈజిప్టులో జనం వీధుల్లోకి వస్తే, దాదాపు దేశమంతటా ఐదు రోజులపాటు ఇంటర్నెట్ ఆగిపోయింది. ఆపింది పిడుగు కాదు, కంపెనీలకు వెళ్లిన సర్కారు ఆదేశం. ఇరాక్, సిరియా, అల్జీరియా ప్రభుత్వాలైతే బడి పిల్లలు పరీక్షల్లో కాపీ కొట్టకుండా దేశం మొత్తానికి గంటల తరబడి ఇంటర్నెట్ ఆపిన సందర్భాలున్నాయి. కుర్రవాడి జేబులోని చీటీని పట్టుకోవడానికి ఆసుపత్రులూ బ్యాంకులూ పత్రికాఫీసులూ చేతులు కట్టుకుని కూర్చోవాలన్నమాట. ఈ నిలిపివేతలను లెక్కగట్టే యాక్సెస్ నౌ అనే హక్కుల సంస్థ 2024లో 54 దేశాల్లో 296 అంతరాయాలను నమోదు చేసింది. 85తో మొదటి స్థానం సైనిక పాలనలోని మయన్మార్‌ది. ఒకే ఒక్క అంకె తేడాతో రెండో స్థానంలో నిలిచినది, ప్రపంచంలోకెల్లా అతి పెద్ద ప్రజాస్వామ్యమని పేరున్న దేశం.

శ్రీరంగనీతులకు మాత్రం ఏ అంతరాయమూ లేదు. 2022 ఏప్రిల్‌లో దాదాపు 60 దేశాలు ఇంటర్నెట్ భవిష్యత్తు గురించి ఒక ప్రకటన చేసి, నిలిపివేతలకు దూరంగా ఉంటామని అందులో రాసుకున్నాయి. దానికి చట్టబద్ధత లేదు కాబట్టి మాట తప్పినా చిక్కు లేదు. 2024 ఫిబ్రవరిలో మ్యూనిచ్‌లో 20 కంపెనీలు ఎన్నికల్లో కృత్రిమ మేధ మోసాలను ఎదుర్కొంటామని మాట ఇచ్చాయి. వాటిలో ఒకటైన మెటా, ఫేస్‌బుక్‌లో ఏ పుకారు ఎలా పాకుతోందో విలేకరులకూ పరిశోధకులకూ చూపించే క్రౌడ్‌టాంగిల్ అనే పరికరాన్ని అదే ఏడాది ఆగస్టు 14న మూసేసింది. దొంగతనాలను అరికడతామని ప్రతిన పూని, వీధి దీపం ఆర్పడం లాంటిదిది.

ఇక నిధుల సంగతి అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది. బయటి డబ్బు తీసుకునే సంఘాలకు రష్యా 2012లో "విదేశీ ఏజెంటు" ముద్ర వేసింది, 2024లో జార్జియా అదే దారి పట్టింది. ఆ బయటి డబ్బు ఇచ్చే చేతుల్లో పెద్దదైన అమెరికా సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ 2025లో మూతపడింది.

ఇంతవరకు నవ్వుతూనే రాశాను గాని, అహ్మద్ మన్సూర్ దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వు రాదు. 2016 ఆగస్టులో, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌కు చెందిన ఈ హక్కుల కార్యకర్త ఫోనుకు, జైళ్లలో చిత్రహింసల రహస్యాలు చూపిస్తామంటూ ఒక లింకు వచ్చింది. ఆయన దాన్ని నొక్కలేదు. టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్ పరిశోధకులకు పంపాడు. ప్రభుత్వాలకు మాత్రమే అమ్ముతామని చెప్పుకునే ఇజ్రాయెల్‌కు చెందిన ఎన్ఎస్ఓ సంస్థ తయారుచేసిన, ఫోన్లలోకి చొరబడే పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ ఆ లింకు వెనుక పొంచి ఉందని తేలింది. అది చొరబడటానికి వాడుకున్న ఐఫోను లోపాలను ఆపిల్ రెండు వారాలు తిరక్కుండానే సరిచేసి కొత్త సాఫ్ట్‌వేర్ విడుదల చేసింది. అంటే ఆ ఒక్క మనిషి వేలు వెనక్కి తీసుకున్నందువల్ల లోకంలోని ఐఫోన్లన్నిటికీ, సదస్సుల్లో ఉపన్యసించే మంత్రుల ఫోన్లతో సహా, రక్షణ దొరికింది. ఆయనకు దొరికినదేమిటి? 2017 మార్చిలో అరెస్టు, 2018లో 10 ఏళ్ల శిక్ష. అది చాలదన్నట్టు 2024 జూలైలో మరో 15 ఏళ్లు. ఫోనులోని రంధ్రం పూడ్చడానికి పట్టినది రెండు వారాల లోపు. మనిషిని బయటికి తేవడానికి ఇన్నేళ్లూ చాలలేదు. ఏ సాంకేతికత కావాలండీ జైలు తలుపు తీయడానికి? తాళంచెవి పెట్టి తిప్పడం కూడా రాదా ఈ డిజిటల్ యుగానికి? ఆయన పేరు పైకి చదివే ధైర్యం లేని వేదికలు పౌర సమాజానికి అండగా నిలవనవసరం లేదు, అడ్డు తప్పుకుంటే అదే పదివేలు.

వచ్చే సదస్సుకు ఆహ్వానం నిన్ననే నా ఫోనుకు వచ్చింది. పేరు నమోదుకు కింది లింకు నొక్కమన్నారు. ఇంకా నొక్కలేదు.