ఖాళీ సమయం ఒక్కటే చాలదు
ఉద్యోగులకు వారంలో కొంత సమయాన్ని సొంత ఆలోచనల కోసం వదిలిపెడితే సృజనాత్మకత దానంతట అదే వికసిస్తుందని ఒక వ్యాసంలో చదివాను. ఆ వ్యాసకర్త వాదనతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఆ వాదనకు తరచుగా ఉదాహరణగా చూపే అమెరికా సంస్థ త్రీఎంలో పనివేళల్లో 15 శాతం సొంత ప్రయోగాలకు వాడుకునే వెసులుబాటు ఉన్న మాట నిజమే. కానీ అక్కడి శాస్త్రవేత్త స్పెన్సర్ సిల్వర్ 1968లో తయారుచేసిన, గట్టిగా అంటుకోని జిగురు అంటించి మళ్లీ ఊడదీయగలిగే పోస్ట్-ఇట్ కాగితాలుగా అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది 1980లో. ఆ 12 ఏళ్లూ దాన్ని పనికిరానిదని పక్కన పడేయకుండా, సహోద్యోగి ఆర్ట్ ఫ్రై దానికొక ఉపయోగం కనిపెట్టేదాకా, ఆ తరువాత కూడా, ఓపిక పట్టగలగడమే అక్కడి అసలు విశేషమని నా అభిప్రాయం. నేను గతంలో పనిచేసిన ఒక కార్యాలయంలో సూచనల పెట్టె ఉండేది. ఒకే వివరాలను రెండు రిజిస్టర్లలో రాయవలసిన అవసరం లేదని నేను వేసిన చీటీకి ఏడాది గడిచినా ఔననిగానీ కాదనిగానీ జవాబు రాలేదు. ఆపైన నేనే కాదు, నా పక్కన కూర్చునేవారు కూడా చీటీలు రాయడం మానేశారు. కారణం చెప్పి తిరస్కరించి ఉంటే బాధపడేవాడిని కాదు, ఇంకా మెరుగైన సూచనతో మళ్లీ వెళ్లేవాడిని. వచ్చిన ఆలోచనకు ఎవరు, ఎన్నాళ్లలో బదులివ్వాలన్న విషయంపై వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేకపోవడం నాకు పెద్ద లోటుగా కనిపించింది.